సవరణ: మినీ కూపర్ మాంటే కార్లో గెలిచింది మూడుసార్లే

మొన్న పాత మినీ కూపర్ అనే చిన్న బ్రిటిష్ కారు గురించి రాస్తూ 1964 నుంచి 67 దాకా వరసగా నాలుగేళ్లూ మాంటే కార్లో ర్యాలీ అనే కార్ల పోటీ అదే గెలిచిందని రాసేశాను, అది తప్పు, క్షమించండి. రికార్డుల్లో ఉన్న గెలుపులు మూడే, నడిపిన డ్రైవర్లు వీళ్లు: 64లో ప్యాడీ హాప్‌కిర్క్, 65లో టిమో మాకినెన్, 67లో రౌనో ఆల్టోనెన్.

మరి 66 సంగతేంటంటే, ఆ ఏడు మొదటి మూడు స్థానాల్లోనూ మినీలే వచ్చాయి, కానీ హెడ్‌లైట్ల దగ్గర పట్టుకున్నారు. మినీ జట్టు వేసినవి ఒకే ఫిలమెంట్ (వెలిగే తీగ) ఉన్న బల్బులు, వాటిని డిమ్ చేయడం కుదరదు, అది రూల్స్‌కి విరుద్ధమని మూడింటినీ తీసేశారు, నాలుగో స్థానంలో వచ్చిన ఫోర్డ్ కార్టినాని కూడా వదల్లేదు, చివరికి సిట్రోయెన్ కారు నడిపిన పౌలి టోయివోనెన్‌కి కప్పు ఇచ్చారు. పది అంగుళాల చక్రాలేసుకుని ఆ మంచు కొండల్లో అందరికంటే ముందొచ్చిన బండిని బల్బు కోసం పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అయినా లెక్క లెక్కే.

ఇంకోటి, ఫొటో కింద 66 నాటి కారు అని పెట్టాను, అది హాప్‌కిర్క్ 64లో గెలిచిన బండి, ఎర్ర బాడీ, తెల్ల టాప్, తలుపు మీద 37 నంబరు.