మహారాజశ్రీ ఆయిల్ ఫిల్టరు గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలెడదామంటే చెయ్యి రావడం లేదు. తమరు ప్రస్తుతం మా పెరట్లో పాత పెయింటు డబ్బా మీద బోర్లా పడుకుని, ఒంట్లో మిగిలిన నూనె చుక్కచుక్కగా దింపుకుంటున్నారు. నేను వీధరుగు మీద కూర్చుని, కుడిచేతి వేళ్ళకి పసుపు పట్టించుకుని, ఎడంచేత్తో ఇది రాస్తున్నాను. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే అందుకూ కారణం తమరే.

కారు ఇంజనులో నూనెనీ, దాన్ని వడకట్టే తమర్నీ మార్చే పని పొద్దున్న ఎనిమిదింటికి మొదలెట్టాను. "గంట పనేలే, తొమ్మిదింటికల్లా చేతులు కడిగేసుకుంటాను" అని మా ఆవిడతో అన్నమాట నిజమే. రాజోల్లో మా పెద్దక్క మనవరాలి ఓణీల ఫంక్షను. మేముండేది పాలకొల్లు పక్కన. చించినాడ వంతెన దాటి దిండి మీదుగా పోతే ఎంతసేపు? మాఘమాసం ఆదివారం, పదకొండున్నరకి ముహూర్తం, ఆ తరవాత భోజనాలు. పనసపొట్టు ఆవపెట్టి చేయిస్తున్నామని అక్క మూడుసార్లు ఫోను చేసి మరీ చెప్పింది. ఆ పనసపొట్టును మనసులో పెట్టుకునే మిగతాది చదవండి.

ఇంటి దగ్గరే ఎందుకు, సర్వీసు సెంటరుకి తీసుకుపోవచ్చు కదా అంటారేమో. ఆమధ్య వాళ్ళిచ్చిన బిల్లులో నూనెకో వరస, ఫిల్టరుకో వరస, కూలికో వరస వేసి, కింద 'కన్స్యూమబుల్స్' అని ఇంకో వరస వేశారు. అదేంటి బాబూ అంటే, తుడిచే గుడ్డలండి, గ్రీజండి అన్నాడు. ఆ గుడ్డల డబ్బుతో మా ఆవిడకి వెంకటగిరి చీరొచ్చేది. పోనీండి, ఈ ఉత్తరం వాళ్ళకి కాదు.

నిజం చెప్పాలంటే మిగతా పనంతా మర్యాదగానే జరిగింది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరేంత తెగింపు నాకు లేదు. వెల్డింగు షాపులో చేయించిన ఇనప ర్యాంపుల మీదికి ముందు చక్రాలు ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి ఇటికలు అడ్డం పెట్టాను. నూనె పల్చబడాలని అంతకుముందే ఇంజను అయిదు నిమిషాలు తిప్పాను. ఇంజను అడుగున నూనె తొట్టికి ఉండే సంపు బోల్టు పదిహేడో నెంబరు స్పానరుకి ఒక్క ఊపుకే లొంగింది. లొంగిన సంతోషంలో చేతిలోంచి జారి వేడి నూనె బేసిన్లోకి దూకింది. ఏ కారు బోల్టయినా చేసేది అదే కాబట్టి దాని మీద నాకు కక్ష లేదు. నూనె దిగింది. కొత్త వాషరు వేసి బోల్టు బిగించాను. టైము చూస్తే ఎనిమిదీ నలభై.

అప్పుడు తమ దగ్గరికి వచ్చాను.

అయ్యా, తమరి అట్టపెట్టె మీద ఏం అచ్చేశారో గుర్తుందా? మూతి చుట్టూ ఉన్న రబ్బరు ఇంజనుకి తగిలాక ముప్పావు చుట్టు బిగించాలి. చేత్తో. చదువురానివాళ్ళ కోసం పక్కన చెయ్యి బొమ్మ కూడా వేశారు. చేత్తో ఎక్కిన పెద్దమనిషి చేత్తో దిగాలా, అక్కర్లేదా? మా ఊళ్ళో కొబ్బరి దింపువాడు పొద్దున్న ఎక్కితే కాఫీల వేళకి దిగుతాడు. తమరు ఎక్కి పదమూడు నెలలైంది.

మొదట ఉత్త చేత్తో పట్టుకున్నాను. తరవాత గుడ్డ వేసి పట్టుకున్నాను. పావుగంట అయ్యేసరికి భుజం పీకేసింది. గోడవతల కుర్చీ వేసుకుని కూర్చున్న బాబాయిగారు పేపరు దించి, "ఎటు తిప్పుతున్నావురా అబ్బాయ్?" అన్నారు. ఎడమకే కదండీ అన్నాను. "కింద పడుకుని చూస్తే ఎడమకి. నువ్వు పైనుంచి చెయ్యి పెట్టావు కదరా" అన్నారు. అవును, తమరి మూతి పైకి, పిర్ర కిందికి. కిందనుంచి పిర్ర చూస్తే ఎడమ అయ్యేది, పైనుంచి వంగి చూస్తే కుడి అవుతుంది. అంటే ఆ పావుగంటా నేను తమర్ని బిగించానన్నమాట. తమరు మాత్రం నోరు మెదపలేదు. ఒక్క కిర్రు కూడా అనలేదు. పెద్దమనిషి తరహా అంటే ఇదేనా?

సరే, కిందికి దూరి పడుకున్నాను. ఎమరీ కాగితం చుట్టి తిప్పాను, కాగితం నలిగింది. సైకిలు ట్యూబు ముక్క చుట్టి తిప్పాను, నూనెకి జారింది. నా బెల్టు తీసి చుట్టాను, బకిలు ఊడింది. కొబ్బరితాడు రెండు చుట్లు చుట్టి, చివర కర్రముక్క దోపి మెలేశాను. ఈ తాడుతో పడవలు కడతారండీ, గోదారికి వరదొచ్చినా ఆగుతాయి. తమరి దగ్గర పుటుక్కున తెగింది. ఉడుంపట్టు అంటారు కదా, ఆ ఉడుము తమరి దగ్గర పాఠాలు నేర్చుకుని ఉంటుంది.

"ఇంతలా ఎవర్రా బిగించింది?" అన్నారు బాబాయిగారు. ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.

పదిన్నర. స్క్రూడ్రైవరు పెట్టి ఈ పక్కనుంచి ఆ పక్కకి దిగ్గొట్టి, దాన్నే పిడిలా పట్టుకుని తిప్పేస్తే ఎంతటి ఫిల్టరైనా వచ్చేస్తుందని ఫోనులో ఒక వీడియో చెప్పింది. వీడియోలో ఆ అబ్బాయి తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. సుత్తెతో దిగ్గొట్టాను. లోపలున్న గ్లాసుడు నూనె మోచెయ్యి మీదుగా చంకలోకి వెచ్చగా దిగింది. అయినా సరేనని తిప్పాను. తిరిగింది! తిరిగింది తమరు కాదు, తమరి రేకు. పెంకు అప్పడంలా చిరిగి, లోపలి కాగితం కుచ్చిళ్ళు బయటికొచ్చాయి, ఆ రేకంచు నా మూడు వేళ్ళనీ గీసుకుంటూ పోయింది. మెడ మాత్రం ఇంజనుని వదల్లేదు.

ఇక్కడిదాకా అయ్యా, తమరు అన్నాను. ఇక నా వల్ల కాదు. ఒరేయ్ డబ్బా! అరకిలో లేవు. లోపల ఉన్నదంతా మడతపెట్టిన కాగితం. నీకు నూరు గుర్రాల బలమా? పిస్టన్లూ వాల్వులూ ఉన్న ఇంజనే వినయంగా పడుంటే నీకెందుకురా ఇంత పొగరు? ఆదివారం పూట, పట్టుబట్టలు కట్టుకోవాల్సిన మనిషిని పాత లుంగీలో, బండి కింద, వీపుకి కంకర గుచ్చుకుంటుండగా పడుకోబెట్టావు. నీ మూలాన నాకు పనసపొట్టు పోయింది. పెరుగావడ పోయింది. ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు పోయాయి. నువ్వు నాశనమైపోను!

సరిగ్గా ఆ మాటకి ఎర్రంచు కంచిపట్టు చీరా, పట్టీలూ నా కళ్ళ ముందు ఆగాయి. బండి కిందనుంచి అంతవరకే కనపడుతుంది. "దాన్నెందుకండీ తిట్టడం?" అంది మా ఆవిడ. "కిందటేడు కనుమనాడు మా తమ్ముడూ మీరూ కలిసే కదా బిగించారు? వాడు చాల్లే బావా అంటున్నా, ఇంకో పావు తిప్పరా, ఇంకో పావు అని మీరు పైనుంచి కేకలెడుతుంటే, ఏమైందోనని పరిగెత్తుకొచ్చి నేను గారెలు మాడ్చుకున్నాను." అనేసి, ఆటో పిలిపించుకుని, ఫంక్షనుకి వెళ్ళిపోయింది. గోడవతల పేపరు గలగలలాడింది. బాబాయిగారు నవ్వుతున్నారని పేపరే చెప్పింది.

దాచి లాభం లేదు. కనుమనాడు కాకి కూడా కదలదంటారు, కారు మాత్రం ఎందుకు కదులుతుంది, నూనె మార్చేద్దాం బావా అన్నాడు మా బావమరిది. మార్చాం. తమర్ని పెట్టేముందు రబ్బరు చుట్టూ వేలితో కాస్త కొత్తనూనె రాయాలి. రాయలేదు. ఎండు రబ్బరు ఇంజను వేడికి అంటుకుపోయి బంక అవుతుందని అప్పుడు తెలీదు. పైగా ముప్పావు చుట్టు సరిపోదేమో, దారిలో కారిపోతుందేమో అని నా భయం. ఇంకో విషయం, ఇది మీలో మీరే ఉంచుకోండి: అంతకుముందు సర్వీసు సెంటరు కుర్రాడు బిగించిన ఫిల్టరు ఆ కనుమనాడు గుడ్డయినా అక్కర్లేకుండా, రెండు వేళ్ళతో ఊడొచ్చింది.

చివరికి తమర్ని దింపింది బోర్లు వేసే కుర్రాడు. రొయ్యల చెరువు దగ్గర పైపులు లాగి ఇంటికి పోతుంటే బాబాయిగారు కేకేశారు. చైన్ రెంచి పట్టుకొచ్చి, చిరక్కుండా మిగిలిన మెడకి గొలుసు చుట్టి, మోచెయ్యి ఒక్కసారి ఆడించాడు. టక్. అంతే. మూడున్నర గంటల నా కష్టానికి తమరు ఒక్క 'టక్' విలువ కట్టారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "దీన్ని బోరు పైపనుకుని బిగించారాండి?" అని మాత్రం అడిగాడు.

అక్కడికి అయిపోలేదు. తమరు పోతూ పోతూ రబ్బరు ఇంజనుకే వదిలేసి పోయారు. నేను చూసుకోకుండా కొత్తదాన్ని దాని మీదే ఎక్కించేస్తుంటే బాబాయిగారు, "పాత రబ్బరేదిరా?" అన్నారు. గోటితో పెళ్ళగిస్తే నల్లగాజులా ఊడి చేతికొచ్చింది. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే, ఇంజను స్టార్టు చేయగానే కొత్తనూనె అంతా పిచికారీ కొట్టినట్టు మా వాకిట్లో ముగ్గయ్యేది. ఆయనకి కారు లేదు. ఒకప్పుడు ఆయిలింజను ఉండేదట, చేలోకి నీళ్ళు తోడడానికి.

తమరు చిరిగి పడుంటే లోపలంతా తీరిగ్గా చూశాను. కోపం కాస్త తగ్గింది. ఆ కుచ్చిళ్ళ నిండా నల్లటి మడ్డి. తొమ్మిదివేల చిల్లర కిలోమీటర్లు, చెరువుగట్ల దుమ్ములో, అంతర్వేది తీర్థం రద్దీలో, గంటలకొద్దీ మొదటి గేరులో పాకిన బండిలో, ఆ మడ్డిని ఇంజను దాకా పోనీకుండా తమరే పట్టుకున్నారు. అడుగున స్ప్రింగు కింద చిన్న మూత ఒకటుంది. అది దొడ్డిదారి. కాగితం పూడుకుపోయినా, చలికి నూనె చిక్కబడినా, ఆ మూత తెరుచుకుని వడకట్టని నూనెనే లోపలికి వదిలేస్తుంది. ఇంజను ఎండిపోయేకన్నా మురికినూనె మేలని. మా దగ్గర ఆఫీసుల్లోనూ దొడ్డిదారులుంటాయి కానీ, అవి ఎవరి మేలు కోసం తెరుచుకుంటాయో తమరికి చెప్పక్కర్లేదు.

బండి నుంచి దింపిన మూడు లీటర్ల నల్లనూనె క్యానులో పోసి మూత పెట్టాను. ఎదురింటాయన వచ్చి, "కాలవలో పారబోసెయ్యండి, అదే సముద్రంలోకి పోద్ది" అన్నాడు. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలవ నీళ్ళే దిగువ ఊళ్ళవాళ్ళు చెరువుల్లో నింపుకుని వేసవంతా తాగుతారు. మీ అత్తగారిది ఆ దిగువ ఊరే కదండీ, అన్నాను. మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇంకొకాయన దడి కర్రలకి చెదలు పట్టకుండా రాసుకుంటానని అరలీటరు అడిగాడు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన నూనె పేరు కూడా ఉందని చెప్పి ఇవ్వలేదు. రేపు మెకానిక్కు షెడ్డులో డ్రమ్ముకి అప్పజెప్పాలి. వాళ్ళ దగ్గర కొనుక్కుని శుద్ధిచేసేవాళ్ళకి పంపే మనిషి ఒకడున్నాడు. ఇన్ని తెలిసినవాడికి రబ్బరుకి నూనె రాయాలని తెలీదా అని తమరు అడగొద్దు.

తమరి వారసుణ్ణి ఎక్కించాను. రబ్బరుకి నూనె రాశాను. వేలు తిప్పి రెండుసార్లు రాశాను. తగిలాక చేత్తో ముప్పావు చుట్టు, ఆపేశాను. మూడు లీటర్ల పైచిలుకు కొత్తనూనె పోసి స్టార్టు చేస్తే స్టీరింగు ముందు నూనె గుర్తున్న ఎర్రలైటు రెండు క్షణాలు వెలిగి ఆరింది. కిందికి వంగి చూస్తే పొడిగా ఉంది. ఇంజను ఆపి, కాసేపాగి నూనె కొలిచే పుల్ల తీసి చూశాను. గీత మీదికి వచ్చింది.

మా ఆవిడ నాలుగింటికి క్యారేజీతో దిగింది. పనసపొట్టు అడుగు గిన్నెలో, చల్లారిపోయి, ఆవఘాటు మాత్రం అలాగే ఉంది. తిన్నాను. వేళ్ళకి పసుపు కదా, ఆవిడే కలిపిచ్చింది. ఫిల్టరు ఊసెత్తలేదు. ఎత్తినా బావుండేది.

రాత్రి పదింటికి బండి కింద పేపరు పరిచి టార్చి వేసి చూశాను. చుక్క లేదు. పన్నెండింటికి చూశాను. లేదు. రెండింటికి మెలకువొస్తే మళ్ళీ వెళ్ళాను. చుక్క లేదు గానీ, చెయ్యి పెట్టి చూస్తే కాస్త వదులుగా ఉన్నట్టనిపించింది. ముప్పావు అంటే సరిగ్గా ముప్పావేనా? రాజోలు దారిలో కారితే ఏంటి గతి?

పావు కాదండీ, అందులో సగం. చిన్నది. గుడ్డ వేసి.

ఇట్లు,
తమరి విధేయుడు, తాత్కాలికంగా ఎడమచేతివాటం