సవరణ: వాపసు పార్సిల్ గురించి నేను తప్పు రాశాను

విదేశీ అమ్మకందారుకి వస్తువు తిప్పి పంపడం గురించి మొన్న రాసినదాంట్లో, యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు 14 రోజుల్లో పార్సిల్ వెనక్కి పంపేయాలన్నాను. అది తప్పు. వస్తువు అందిన 14 రోజుల్లోపు నాకు వద్దని రాసి తెలియజేస్తే చాలు, కారణం చెప్పక్కర్లేదు, అలా చెప్పిన రోజు నుంచి పంపడానికి ఇంకో 14 రోజులుంటాయి. మన కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్నవాటికి మాత్రం ఇది వర్తించదు.

అంతకన్నా పెద్ద పొరపాటు, కస్టమ్స్ ఫారం మీద ‘గిఫ్ట్’ అని టిక్ పెట్టమనడం. ఎవరో చెబితే నమ్మి రాసేశాను, బుద్ధి తక్కువ. పోస్టులో ఇచ్చే సీఎన్ 22, సీఎన్ 23 ఫారాల్లో ‘రిటర్న్‌డ్ గూడ్స్’ అని విడిగా గడి ఉంటుంది, టిక్ అక్కడే పెట్టాలి. లేదంటే అటువైపు కస్టమ్స్ వాళ్లు మామూలు దిగుమతి అనుకుని సుంకం వేయొచ్చు, అమ్మినవాడు అది కట్టనని పార్సిల్ తీసుకోడు, మన డబ్బు మధ్యలో వేలాడుతుంది. అడుగు ఊడి నోరు తెరిచిన నా బూట్ల జత, అట్టపెట్టె నిండా ముద్రలు వేయించుకుని, అలాగే మళ్లీ నా గుమ్మంలోకే వచ్చింది.

తిరుగు ఖర్చు ఎప్పుడూ అమ్మినవాడిదే అన్నట్టు కూడా రాశాను. వస్తువు పాడైతే సరే, ఊరికే నచ్చక పంపితే మామూలుగా మనదే.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పేపాల్ సేవలో, కొన్నదాని గురించి ఫిర్యాదుకి 180 రోజుల గడువని నేను రాసింది సరైనదే, కాకపోతే డబ్బు కట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి, పార్సిల్ వచ్చిన రోజు నుంచి కాదు.