అయిదు మార్కులు వచ్చిన పిల్లవాడికి ఎంత వచ్చినట్టు?

చాలా ఏళ్ల క్రితం రెండంకెల తీసివేతలు పది ఇచ్చి ఒక చిన్న పరీక్ష పెట్టాను. వాటిలో అయిదు లెక్కలకు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి, మిగిలిన అయిదింటికి ఆ అవసరం లేదు. ఒక పిల్లవాడికి పదికి అయిదు వచ్చాయి. టిక్కులూ ఇంటూలూ పెట్టి, పైన 5 వేసి, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇంకా శ్రద్ధ పెట్టాలి" అని రాసి ఇచ్చేశాను. ఉపాధ్యాయుడిగా నేను రాసిన వ్యాఖ్యల్లో అంతకంటే తప్పుడు వ్యాఖ్య మరొకటి ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ అబ్బాయి 52 లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు. 81 లోంచి 46 తీసేస్తే 45 అన్నాడు. ఏ స్థానంలోనైనా పైదేదో కిందిదేదో చూడకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు. 58 లోంచి 27 తీయమన్నప్పుడు అదే పద్ధతిలో 31 వచ్చింది, అది సరైన జవాబే. అంటే పది లెక్కలనూ ఒకే నియమంతో, ఎక్కడా తడబడకుండా చేశాడన్నమాట. నేనేమో సగం వచ్చు, సగం రాదు అని తేల్చేశాను. ఏ విషయం కోసం ఆ పరీక్ష పెట్టానో అది అతనికి బొత్తిగా రాదు. నేను లేదన్న శ్రద్ధ మాత్రం నిండుగా ఉంది. పక్క బెంచీలోని అమ్మాయి మొదటి లెక్కకు 24 అని రాసింది. ఆమె అప్పు సరిగ్గానే తెచ్చుకుంది, పన్నెండులోంచి ఏడు తీసేటప్పుడు ఒక్కటి తప్పింది, అంతే. ఇద్దరి జవాబుల మీదా ఒకే రకం ఇంటూ పడింది.

1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇటువంటి తీసివేత తప్పులనే తీసుకుని, అవి అజాగ్రత్త వల్ల చెల్లాచెదురుగా పడ్డవి కావని, ఒక తప్పు నియమాన్ని నిలకడగా పాటించడం వల్ల వచ్చేవి వాటిలో ఎన్నో ఉన్నాయని కంప్యూటర్ ప్రోగ్రాము రాసి మరీ చూపించారు. నిజానికి ఈ చూపు ఇంకా పాతది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ మనోవిజ్ఞాని పియాజే యువకుడిగా పారిస్‌లో, తెలివితేటల పరీక్షలకు ఆద్యుడైన బినే స్థాపించిన ప్రయోగశాలలో, పిల్లల తార్కిక పరీక్షలను ప్రామాణీకరించే పనికి కుదిరాడు. ఎన్ని జవాబులు ఒప్పో లెక్కపెట్టడం అతని ఉద్యోగం. అతన్ని పట్టుకున్నవి మాత్రం తప్పు జవాబులు. ఒకే వయసు పిల్లలు ఒకే తీరున ఎందుకు తప్పు చేస్తున్నారన్న ప్రశ్న దగ్గర మొదలై, అతని జీవితకాలపు పరిశోధన అంతా నడిచింది. మనం శిక్షణ కళాశాలలో ఆలోచన ఎదిగే నాలుగు దశలూ, వాటి వయసులూ వరుస తప్పకుండా అప్పజెప్పిన పియాజే, పిల్లల జవాబు పత్రాల మీద వేసిన ఇంటూ గుర్తు వెనక ఏముందోనని తొంగి చూసిన మనిషి. ఈ సంగతి నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా పరీక్షలో రాదు కాబట్టి నేను వినిపించుకుని ఉండను.

అభ్యసన సిద్ధాంతాలతో నాకున్న పేచీ ఇక్కడే. విద్యార్థి జ్ఞానాన్ని తనంతట తాను నిర్మించుకుంటాడని చెప్పే పాఠాన్ని మేము గైడు ముందు పెట్టుకుని బట్టీ పట్టాం, అలాగే రాశాం, మంచి మార్కులే తెచ్చుకున్నాం. దానికి తోడు తెలుగులో ఒక చిక్కు కూడా వచ్చి పడింది. జ్ఞాన నిర్మాణాన్ని గురించి చెప్పే సిద్ధాంతానికీ నిర్మాణాత్మకం అనే పేరే, బోధన సాగుతుండగా చేసే మూల్యాంకనానికీ నిర్మాణాత్మకం అనే పేరే. ఈ రెండూ ఒకటేననుకుని ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చినవాళ్లను నేను ఎరుగుదును. కొంతకాలం నేనూ వాళ్లలో ఒకణ్ని. రెండో దాని పుట్టుక వేరు. 1967లో మైకేల్ స్క్రివెన్ పాఠ్య ప్రణాళికల మూల్యాంకనం గురించి రాస్తూ, తయారవుతుండగా సరిదిద్దడానికి చేసేది ఒకటి, తయారయ్యాక విలువ కట్టడానికి చేసేది మరొకటి అని విడదీశాడు. ఆ తేడాను విద్యార్థుల అభ్యసనానికి అన్వయించినవాడు విద్యా మనోవిజ్ఞాని బ్లూమ్. కాబట్టి నిర్మాణాత్మకం అన్నది పరీక్ష పత్రానికి ఉండే గుణం కాదు, దాని ఫలితంతో మనం ఏం చేశామన్నదాన్ని బట్టి వచ్చే పేరు. యూనిట్ పరీక్ష పెట్టి, మార్కులు రిజిస్టరులో ఎక్కించి, మర్నాడు తర్వాతి పాఠం మొదలుపెడితే, దాని మీద ఏ పేరు అచ్చు వేసినా అది విలువ కట్టడమే. నెలకొకసారి కట్టాం కాబట్టి అది మరొకటి అయిపోదు.

దిద్దిన పేపర్లు తిరిగి ఇచ్చిన రోజు తరగతి గదిని గమనించండి. పిల్లలు ముందు అంకె చూసుకుంటారు, వెంటనే పక్కవాడి అంకె చూస్తారు, తరువాత పేపరు మడిచి సంచిలో పెట్టేస్తారు. రాత్రంతా కూర్చుని మార్జిన్లలో రాసిన వాక్యాలు ఆ మడతల్లోకి పోతాయి. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగం ఈ అనుభవానికి అద్దం పట్టింది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, మిగిలినవారికి రెండూ ఇచ్చి చూస్తే, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారి పనీ, ఆసక్తీ మెరుగ్గా కనిపించాయి. రెండూ కలిపి ఇస్తే రెండింతలు మేలు జరుగుతుందని మనం అనుకుంటాం. అక్కడ అలా జరగలేదు, పక్కన అంకె ఉండేసరికి వ్యాఖ్య వల్ల రావలసిన ప్రయోజనం రాకుండా పోయింది. అలాగని వ్యాఖ్య అయితే చాలు ఏదైనా పనిచేస్తుందనుకోవడమూ పొరపాటే. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు ఇటువంటి 607 ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషిస్తే, సగటున మేలే కనిపించినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో వ్యాఖ్య విన్నాక పనితీరు ఇంకా తగ్గింది. చూపు పని మీది నుంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ వ్యాఖ్య ప్రభావం తగ్గుతుందని వాళ్లు గుర్తించారు. నేను రాసిన "ఇంకా శ్రద్ధ పెట్టాలి" ఏ కోవకు చెందుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ చదివి, ఈయన పరీక్షలే వద్దంటున్నాడని అనుకునేవారు ఉంటారు. నేను ఇంకా ఎక్కువ పరీక్షలు పెట్టమంటాను, మార్కులు మాత్రం తీసేయమంటాను. 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగంలో, ఒక పాఠ్యాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఒకసారి చదివి, తరువాత పుస్తకం మూసి, గుర్తున్నది మళ్లీ మళ్లీ రాసినవారు వారం తరువాత వారిని మించిపోయారు. జ్ఞాపకంలోంచి వెలికి తీసే శ్రమ వల్లనే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది. కాబట్టి ప్రతి పాఠానికి ముందు పోయిన వారం పాఠం నుంచి మూడు ప్రశ్నలు అడిగి, పిల్లలు రాసినదాన్ని వాళ్లచేతనే దిద్దించి, రిజిస్టరు జోలికి పోకుండా ముగించే అయిదు నిమిషాలు నాకు చాలా విలువైనవి. ఇక్కడ, నేర్చుకోవడాన్ని బయటికి కనిపించే ప్రవర్తనను బట్టీ దానికి దొరికే ప్రతిఫలాన్ని బట్టీ వివరించే ప్రవర్తనావాదులకు కూడా దక్కవలసింది దక్కాలి. వాళ్లలో ముఖ్యుడైన స్కిన్నర్ అనగానే పెట్టెలో ఎలుక తప్ప మరేమీ గుర్తుకురాని స్థితికి శిక్షణ మనల్ని తెచ్చింది గాని, 1953లో ఆయన తన కూతురు చదివే నాలుగో తరగతి గణిత పాఠాన్ని చూడటానికి వెళ్లి పట్టుకున్న లోపాలు రెండూ నా తరగతిలో ఈనాటికీ ఉన్నాయి. తాము చేసిన లెక్క తప్పో ఒప్పో పిల్లలకు అప్పటికప్పుడు తెలియడం లేదు. ఎవరికి ఎంత వచ్చినా అందరూ ఒకే వేగంతో సాగాలి.

అయితే ప్రశ్నను ఎంచుకోవడంలోనే అసలు పనితనమంతా ఉంది. 0.75, 0.5 లలో ఏది పెద్దదని అడిగితే తరగతి మొత్తం 0.75 అంటుంది, మనం సంతోషించి ముందుకు పోతాం. బిందువు తరువాత అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకునే పిల్లవాడు కూడా ఆ జవాబే చెబుతాడు. 0.35, 0.8 లలో ఏది పెద్దదని అడిగిచూడండి, గది రెండుగా చీలుతుంది. తప్పు నియమానికి కూడా ఒప్పు జవాబు వచ్చే ప్రశ్న ఎంత సులువుగా ఉన్నా, ఎంత కష్టంగా ఉన్నా, అది ఉపాధ్యాయుడికి ఏమీ చెప్పదు. నా తీసివేతల పరీక్షలో సగం ప్రశ్నలు అటువంటివే. (అభ్యసన శైలులంటూ కంటితో నేర్చేవాళ్లు, చెవితో నేర్చేవాళ్లు అని పిల్లలను విడగొట్టే వర్క్‌షాపులకు పోయిన రోజులన్నీ ఇటువంటి ప్రశ్నలు తయారుచేయడానికి వాడుకుని ఉంటే బాగుండేది. ఆ శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే పాష్లర్ బృందం సమీక్షించి చెప్పింది.)

రష్యన్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ ఇచ్చిన ఉదాహరణ ఒకటి నేను తరచూ తలచుకుంటాను. పదేళ్ల పిల్లలు ఇద్దరు, ఒంటరిగా వదిలేస్తే ఇద్దరూ 8 ఏళ్ల స్థాయి సమస్యలే చేయగలరు. పెద్దవాళ్లు కొంచెం దారి చూపిస్తే ఒకరు 12 ఏళ్ల స్థాయి వరకు, మరొకరు 9 ఏళ్ల స్థాయి వరకు వెళ్లగలరు. వీళ్లిద్దరూ సమానమేనా అని అడుగుతాడు. మన పరీక్ష గదిలో సమానమే, ఎందుకంటే అక్కడ దారి చూపించడాన్ని కాపీ అంటారు. ఒంటరిగా చేయగలిగినదానికీ సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న ఈ దూరానికి పెట్టిన సామీప్య వికాస మండలం అనే మాటకు నిర్వచనం రాయించి రెండు మార్కులు వేసే మనం, ఆ మండలం ఎవరికి ఎంత ఉందో తెలుసుకునే పరీక్ష ఒక్కటీ పెట్టం. నేను ఇప్పుడు కొన్ని పరీక్షల్లో, పిల్లవాడు ఆగిపోయిన చోట ఒక సూచన చీటీ ఇచ్చి, చీటీకి ముందు నల్ల పెన్నుతో, తరువాత నీలం పెన్నుతో రాయమంటున్నాను. ఎవరు ఏ చీటీతో కదిలారన్నది నాకు మొత్తం మార్కులకంటే ఎక్కువ చెబుతోంది.

నలభై నోటుబుక్కులకు వ్యాఖ్యలు రాయడం సాధ్యమా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. సాధ్యం కాదు, నేను రాయడమూ లేదు. నలభై పుస్తకాలు తిరగేస్తే తప్పులు నలభై రకాలుండవు. సాధారణంగా మూడో నాలుగో రకాలుంటాయి. వాటికి పేర్లు పెట్టి, పుస్తకాలను ఆ ప్రకారం గుట్టలుగా పేర్చి, మర్నాడు ఒక్కో గుట్ట వాళ్లకు ఒక్కో లెక్క ఇస్తాను. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసేవాళ్లకు చెప్పేది కూడా వివరణ కాదు, పని: "35కు 27 కలిపి చూడండి, మళ్లీ 52 వస్తుందా?" 62 వచ్చినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే తికమకను తొందరపడి తీర్చకుండా ఊరుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు పరిశీలించిన తరగతుల్లో ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మించి ఆగడం లేదట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల తీరే మారిందట. నేను బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటాను.

తల్లిదండ్రులు వచ్చి "మావాడికి ఎంత వచ్చింది మాస్టారూ?" అని అడిగితే, పాతికేళ్లుగా అంకె చెప్పి పంపించేవాణ్ని. పోయిన ఏడాది నుంచి పుస్తకం తెరిచి, పిల్లవాడినే పక్కన నిలబెట్టి, ముందు ఎలా చేశాడో ఇప్పుడు ఎలా చేస్తున్నాడో చెప్పిస్తున్నాను. ఒక తండ్రి ఓపిగ్గా అంతా విని, చివరికి "అవన్నీ సరేనండీ, ఇంతకూ ఎంత?" అన్నారు. ఆయనకు అంకె చెప్పాను. రిజిస్టరులో కూడా అంకెలే రాస్తున్నాను, అక్కడ గడి అంతకంటే వెడల్పు లేదు. దాని పక్కన నేను సొంతంగా పెట్టుకున్న నోటుబుక్కులో మాత్రం "పెద్దదాంట్లోంచి చిన్నది" అనే శీర్షిక కింద ఈ ఏడాది పదకొండు పేర్లున్నాయి, వాటిలో ఏడు కొట్టేసి ఉన్నాయి.