ముందు ఆ స్పీకర్ ఎన్ని ఓమ్సో చూడండి బాబూ!

ఇప్పుడే డాబా గార్డెన్స్ నుంచి వచ్చాను. ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరలేదు, ఒళ్లుమంట అసలే ఆరలేదు. పోస్టు పొడుగైపోద్ది. ఓపిక లేనోళ్లు పైకి తోసుకుని వెళ్లిపోండి.

రెసిస్టర్లు కావాలని స్పేర్ పార్టుల షాపుకెళ్లాను. పక్కన ఒక కుర్రాడు, చంకలో కారులోంచి పీకిన ఊఫరు, అదే బేస్ మోగించే పెద్ద స్పీకర్. టీడీఏ 7294 అనే యాంప్లిఫయర్ ఐసీ బోర్డులు రెండు అడిగాడు. కౌంటర్లో ఉన్నాయన "బ్రిడ్జ్ కట్టేసుకో తమ్ముడూ, పవర్ నాలుగింతలు" అని అభయం ఇచ్చేశాడు. నేను నోరు కట్టుకోలేక "ఆ ఊఫరు ఎన్ని ఓమ్సు బాబూ?" అన్నాను. కుర్రాడు తిప్పి చూశాడు. వెనకాల మాగ్నెట్ మీద ఇంత లావున రాసుంది, 4 ఓమ్స్ అని. ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు, అది తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుద్ది. "మాస్టారూ, ఇప్పుడందరూ ఇలాగే కడుతున్నారు, వీడియోలు చూడండి" అని కౌంటర్లో ఆయన నాకు జ్ఞానబోధ.

సరే, ఆయనకేం పోయింది? కాలిపోతే మళ్లీ కొనాల్సింది ఆయన దగ్గరే కదా!

నాలుగింతలు ఎలా వస్తుందో ఎవరైనా ఒక్కసారి కాగితం మీద వేసి చూశారా? బ్రిడ్జ్ అంటే ఒకే స్పీకర్‌కి చెరో చివర ఒక ఐసీ కట్టడం. ఒక ఐసీ పైకి తోస్తుంటే రెండోది కిందకి లాగుద్ది. స్పీకర్ మీద వోల్టేజీ రెట్టింపు. అంతవరకు బాగుంది. వోల్టేజీ రెట్టింపైతే కరెంటూ రెట్టింపవ్వాలి, అదెక్కడ్నుంచి వస్తుంది, సింహాచలం అప్పన్న పంపుతాడా? బ్రిడ్జ్‌లో ఉన్న ఒక్కో ఐసీకి మీ 4 ఓమ్స్ ఊఫరు 2 ఓమ్స్‌లా కనబడుద్ది. ప్లస్ మైనస్ 28 వోల్టుల సప్లైలో ఒక్కో వైపు 24 వోల్టులు వచ్చినా, రెండూ కలిపి 48. దాన్ని 4తో భాగించండి. 12 ఆంపియర్లు. ఆ ఐసీకి దాటకూడని హద్దే 10! ఇది నా సొంత పైత్యం కాదు, బ్రిడ్జ్ చేస్తే 8 ఓమ్స్‌కి తగ్గకూడదని ఐసీ కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లోనే రాసుంది. అది చదివే తీరికెవరికుంది, వీడియోలో ఎల్‌ఈడీ వెలిగితే చాలు.

ఎల్ఎమ్ 3886 అనే ఇలాంటి ఇంకో ఐసీ చేసిన నేషనల్ సెమీకండక్టర్ వాళ్లయితే ఇంకా విడమరిచి చెప్పారు. 2011లో ఆ కంపెనీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది కానీ వాళ్లు రాసిన నోట్ మాత్రం ఇప్పటికీ దొరుకుద్ది. 8 ఓమ్స్‌కి 100 వాట్లు కావాలా, రెండు ఐసీలు బ్రిడ్జ్. 4 ఓమ్స్‌కి కావాలా, రెండూ ప్యారలల్, అంటే రెండు అవుట్‌పుట్లూ ఒకేచోట కలిపి కరెంటు పంచుకోవడం. 8 ఓమ్స్‌కి 200 కావాలా, నాలుగు పెట్టి రెండు పనులూ చెయ్యి. పసిపిల్లలక్కూడా అర్థమవుద్ది.

కానీ ప్యారలల్ అంటే మనోళ్లకి చిన్నచూపు. వోల్టేజీ పెరగదుగా, చెప్పుకోడానికి అంకె ఉండదు. పైగా అందులో పనుంది మరి! సిగ్నల్‌ని ఎన్నింతలు పెంచాలో (అదే గెయిన్) తేల్చే రెసిస్టర్లు రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఉండాలి. గెయిన్‌లో ఒక్క శాతం తేడా ఉందనుకోండి, 20 వోల్టుల దగ్గర అది 0.2 వోల్టు. అవుట్‌పుట్లలో చెరో 0.1 ఓమ్ పెడతాం కాబట్టి మధ్యలో మొత్తం 0.2 ఓమ్. అంటే ఒక ఆంపియరు స్పీకర్ మొహం కూడా చూడకుండా ఒక ఐసీలోంచి ఇంకో ఐసీలోకి పోయి వేడైపోద్ది. అందుకే నేను మెటల్ ఫిల్మ్‌వి గుప్పెడు తెచ్చుకుని, డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఒక్కోటీ మీటర్‌తో కొలిచి జతలు కడతాను. మా ఆవిడ దాన్ని బియ్యంలో రాళ్లేరడం అంటుంది. కౌంటర్లో ఆయనేమో బంగారు గీత ఉన్న 5 శాతం కార్బన్‌వి చేతిలో పెట్టి "అన్నీ ఒకటే మాస్టారూ" అంటాడు. ఒకటే అయితే ఆ గీతలెందుకు, ముగ్గులా?

ఈ ఊరి ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా. 7294 వీపు మీది రేకు మైనస్ సప్లైకి కలిసుంటుంది, వేడి పోవాలని దాన్ని మధ్యలో కరెంటు దాటనివ్వని మైకా లేకుండా మెటల్ డబ్బాకి బిగిస్తే అంతే సంగతులు. అన్నీ సరిగ్గా చేసినా బీచ్ రోడ్డు గాలికి స్క్రూలు తుప్పుపట్టి వదులైపోతాయి.

అసలు ఈ వాట్ల పిచ్చి ఏంటండీ? 100 వాట్లు 200 అయితే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఈ ముక్క మా బావమరిదికి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. వాడి దగ్గర డబ్బా మీద నాలుగంకెల పీఎంపీఓ (ఉబ్బించి రాసే వాట్లు) స్టిక్కర్ ఉన్న సామానుంది. ఆ వాట్లన్నీ నిజమైతే ఇంట్లో మెయిన్ ఫ్యూజు ఉంటుందా?

వాడి పేరొచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. మా హాల్లో 8 ఓమ్స్ స్పీకర్లకి నేను పద్ధతిగా కట్టిన బ్రిడ్జ్ యాంప్ ఉండేది. బ్రిడ్జ్‌లో స్పీకర్ రెండు వైర్లూ లైవే, ఏదీ గ్రౌండ్ కాదు. వెనకాల రాసి అంటించాను కూడా. సంక్రాంతికొచ్చిన వీరుడు తన సబ్ ఊఫర్ తెచ్చి, ఆర్‌సీఏ వైరు (సన్నటి సిగ్నల్ వైరు) నా ప్రీయాంప్‌లో, అంటే యాంప్‌కి ముందుండే బోర్డులో గుచ్చి, సబ్ స్పీకర్ టెర్మినల్స్ నా యాంప్ అవుట్‌పుట్‌కి కలిపాడు. సబ్ నల్ల టెర్మినల్ లోపల గ్రౌండే, ఆర్‌సీఏ వైరు గ్రౌండ్‌తో కలిసే ఉంటుంది. సగం బ్రిడ్జ్ కరెంటు వెళ్లి ఆ సన్నటి ఆర్‌సీఏ వైరులో పడింది. వైరు పైతొడుగు మెత్తబడి పొగ, ప్రీయాంప్ బోర్డు మీద గ్రౌండ్ ట్రాక్ పొట్టులా లేచిపోయింది. ఐసీలు మాత్రం ప్రొటెక్షన్ పుణ్యమా అని బతికాయి. చూశారా, కట్టినవాడి పని బాగానే ఉంది!

అయినా ఏ పెళ్లికెళ్లినా ఒకటే పాట: "మా బావ యాంప్‌కి సబ్ పెడితే పొగొస్తుందండీ, ధూపం ఖర్చు మిగులుద్ది." అందరూ నవ్వుతారు. మా అత్తగారు కూడా.

ఇప్పుడు మధురవాడలో వాడి గృహప్రవేశం. "సౌండ్ మొత్తం నువ్వే చూసుకోవాలి బావా" అని పొద్దున్న ఫోను. సన్నాయి మేళం పెట్టుకో, దానికి ఓమ్సుండవు అని పెట్టేశాను. అప్పట్నుంచి మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.