‘పోలీసుల కథనం ప్రకారం’ అని రాస్తే తప్పేంటి?

మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నేత హిడ్మా చనిపోయిన దగ్గర్నుంచి ఒకటే మెసేజ్ చక్కర్లు కొడుతోంది. కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బాబాయ్ కూడా పంపాడు. ‘తెలుగు పత్రికలు మావోయిస్టులకు ఎలా కొమ్ముకాస్తున్నాయో చూడండి’ అని మొదలుపెట్టి నాలుగు ఆరోపణలు చేశారు. ఉగ్రవాది అనకుండా మావోయిస్టు అంటారట. ‘హతం’ అనకుండా ‘మృతి’ అంటారట. ‘పోలీసుల కథనం ప్రకారం’ అని రాసి జవాన్లను అవమానిస్తారట. మావోయిస్టులు చేసే హత్యలను మాత్రం మెత్తగా రాస్తారట. ఇలా రాసేవాడు అర్బన్ నక్సల్, అంటే ఊళ్లో కూర్చుని మావోయిస్టులకు వత్తాసు పలికేవాడు అని చివర్లో ఒక ముద్ర. పత్రిక డెస్క్‌లో కూర్చుని ఏళ్ల తరబడి ఈ వార్తలే దిద్దినవాణ్ని కాబట్టి జవాబు చెప్పక తప్పడం లేదు.

హతం, మృతి సంగతి ముందు తేల్చేస్తాను. హెడ్డింగులో ఎన్ని అక్షరాలు పడితే దాన్ని బట్టి రెండూ వాడతాం. ఒకే పత్రికలో ఒకే వారం రెండూ కనిపిస్తాయి. ఇందులో కుట్ర చూసేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

ఇక పేరు. మావోయిస్టు అన్నది ఆ పార్టీ పేరులోనే ఉంది, సీపీఐ (మావోయిస్టు) అని. కేంద్ర హోంశాఖలో వీళ్ల వ్యవహారం చూసే విభాగం పేరు కూడా ‘వామపక్ష తీవ్రవాద విభాగమే’. 2004లో, తర్వాత మావోయిస్టు పార్టీలో కలిసిన పీపుల్స్‌వార్ మీద నిషేధం గడువు తీరితే అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబరులో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో హోంమంత్రి జానారెడ్డి బృందం, మావోయిస్టుల తరఫున రామకృష్ణ బృందం ఎదురెదురుగా కూర్చుని చర్చలు జరిపాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మావోయిస్టులు ఎమ్మెల్యే నర్సిరెడ్డిని కాల్చి చంపాక నిషేధం మళ్లీ వచ్చింది. 2009లో కేంద్రం ఆ పార్టీని ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో ఉందని మేం రాస్తాం, ‘నిషేధిత’ అనీ రాస్తాం. అవి తేదీతో సహా చూపించగల విషయాలు. ప్రభుత్వం వైఖరి మార్చినప్పుడల్లా పత్రిక కూడా పిలుపు మార్చాలంటే, చర్చల రోజున ఒక పేరు, మర్నాడు ఇంకో పేరు రాయాలి. పాఠకుడు మమ్మల్ని ఎందుకు నమ్మాలి?

నాకు నిజంగా ఒళ్లు మండింది మూడో ఆరోపణకే.

రాత్రి పదింటికి పోలీసుల ప్రెస్‌నోట్ వస్తుంది. కూంబింగ్‌కు వెళ్లిన బలగాలపై మావోయిస్టులు కాల్పులు జరిపారు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరపగా ఇంతమంది చనిపోయారు, ఘటనా స్థలంలో తుపాకులు, కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం దొరికాయి. దశాబ్దాలుగా దాదాపు ఇవే వాక్యాలు. ఆ వేళకు మా విలేకరి అక్కడికి చేరి ఉండడు. చూసినవాళ్లెవరూ మాతో మాట్లాడి ఉండరు. మా చేతిలో ఉన్నది పోలీసులు చెప్పిన మాట ఒక్కటే. పోలీసులు చెప్పారని రాస్తే అది నిజం. మేమే చూసినట్టు రాస్తే అబద్ధం.

మెసేజ్ రాసినాయన సర్కేగూడ పేరు విన్నారా? మన సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉంది. 2012 జూన్ 28 రాత్రి అక్కడ 17 మంది చనిపోయారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని ప్రకటించారు. చనిపోయినవాళ్లలో పిల్లలున్నారు. జస్టిస్ వి.కె.అగర్వాల్ కమిషన్ ఏళ్ల తరబడి విచారించి ఏం తేల్చిందో తెలుసా? వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదు. గ్రామస్తుల వైపు నుంచి కాల్పులు జరగలేదు. బలగాలు భయంతో కాల్చి ఉండొచ్చు. ఒకతన్ని తెల్లవారాక చంపారు. ఈ నివేదిక 2019లో బయటికి వచ్చింది. ఏడేళ్లు! ఆ మొదటి రాత్రి ‘17 మంది మావోయిస్టులు హతం’ అని సొంత మాటగా రాసిన పత్రిక, ఏడేళ్లపాటు ఆ తల్లులు కన్న పిల్లల మీద అబద్ధపు ముద్ర వేసినట్టే. ‘పోలీసుల కథనం ప్రకారం’ అని రాసిన పత్రిక కనీసం ఆ పాపం మూటగట్టుకోలేదు.

ప్రతి ఎన్‌కౌంటరూ బూటకమని నేననడం లేదు. 2010 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు ఎలా చనిపోయారో నాకు గుర్తుంది. అడవిలో ప్రాణాలకు తెగించి నడిచేవాళ్లను కించపరిచే ఉద్దేశం నాకు లేదు. కానీ ఎన్‌కౌంటర్ మరణం మీద ఎఫ్‌ఐఆర్ పెట్టాలి, స్వతంత్ర దర్యాప్తు జరపాలి అని 2014లో సుప్రీంకోర్టే మార్గదర్శకాలిచ్చింది. దర్యాప్తు జరగాల్సిన విషయాన్ని ఆ రాత్రే మేం తేల్చేయాలా? సుప్రీంకోర్టుకు కూడా అర్బన్ నక్సల్ అని ముద్ర వేస్తారా?

నాలుగోది మాత్రం వేరు. అందులో సగం నిజముంది, ఒప్పుకుంటాను. అడవిలో ఒక గిరిజనుణ్ని ఇంట్లోంచి లాక్కెళ్లి చంపి, పక్కన లేఖ పడేసి పోతారు. మర్నాడు పత్రికల్లో ‘ఇన్ఫార్మర్‌ను హతమార్చిన మావోయిస్టులు’ అని హెడ్డింగ్. అతను ఇన్ఫార్మర్ అని ఎవరు చెప్పారు? చంపినవాళ్లే చెప్పారు. ఒకవేళ నిజంగా సమాచారం ఇచ్చినా అది చంపదగ్గ నేరమా? ‘ప్రజాకోర్టులో శిక్ష’ అని కూడా రాస్తుంటారు. అది కోర్టూ కాదు, శిక్షా కాదు, హత్య. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలంలో దారికాచి చంపారు. అదీ హత్యే. పోలీసుల మాటకు ‘కథనం ప్రకారం’ అని చేర్చే మనిషి, అడవిలో దొరికిన లేఖకు ఆ జాగ్రత్త పాటించకపోతే అది పక్షపాతమే. ఆ మెసేజ్‌లో మిగతాదంతా తీసేసి ఈ ఒక్క పాయింట్ పంపండి. మా డెస్క్‌లో అందరికీ నేనే పంపిస్తాను.