తల్లి మీద హత్య కేసు పెట్టాలా?
అబార్షన్‌ను కొద్దికొద్దిగా కట్టడి చేసే చట్టాలన్నీ పాపంతో రాజీయేనని, 2021లో నాష్‌విల్‌లో సదరన్ బాప్టిస్టులు (అమెరికాలోని పెద్ద ప్రొటెస్టెంట్ చర్చిల సమాఖ్య) చేసిన తీర్మానం కూడా అదే చెప్పిందని ఒక వ్యాసంలో రాశారు. ఇది నేను ఒప్పుకోను. అంచెలంచెల పద్ధతి 'ఒక్కటే' మాకు సమ్మతం కాదని ఆ తీర్మానం అంది. ఆ 'ఒక్కటే' అన్న మాట సవరణగా చేర్చాకే ఆమోదించారు. చిన్న మాటే, కానీ అర్థం మారిపోతుంది: అంచెలంచెల చట్టాలు సరిపోవు అన్నారే గానీ, అసలు వద్దనలేదు. మరుసటి ఏడాది లూసియానా రాష్ట్రంలో అబార్షన్‌ను ఒక్కసారిగా ఆపాలంటూ, చేయించుకున్న స్త్రీ మీదే హత్య కేసు పెట్టే వీలున్న బిల్లు వస్తే, అబార్షన్‌ను వ్యతిరేకించే నేషనల్ రైట్ టు లైఫ్ లాంటి పాత సంస్థలే వద్దన్నాయి. వాళ్లకు విశ్వాసం తక్కువై కాదు కదా! కడుపులో బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని నేనూ మనసారా నమ్ముతాను. ఇక్కడ డాలస్‌లో మా చర్చి తరఫున గర్భిణులకు సాయం చేసే సెంటర్‌కు శనివారాలు వెళ్తుంటాను. వచ్చేవాళ్లలో చాలామందికి ఇంటి అద్దె, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్. బిడ్డ తండ్రి ఫోన్ ఎత్తడు. మొన్న ఒకమ్మాయి చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి అడిగిన మొదటి మాట, "నా గురించి పోలీసులకు చెప్తారా అక్కా?" అని. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.