వాయిదా విద్యకు మన సరిహద్దు జిల్లాల సేవ

ఒడిశాలోని మన బరంపురం అనగానే అందరూ పట్టుచీరలు, అప్పడాలు, పచ్చళ్లు అంటారు. ఈ ఊరి తెలుగు ఇళ్లలో తరతరాలుగా తయారవుతున్న ఇంకో సరుకు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అదే, మొదలుపెట్టని కళాకారుడు. ఏ తలుపు తట్టినా ఒకరు దొరుకుతారు. కథలు రాద్దామనుకుంటున్న బ్యాంకు ఆఫీసరు, వయొలిన్ నేర్చుకుందామనుకుంటున్న లెక్చరరు, ట్రాన్స్‌ఫర్ అయ్యాక తీరిగ్గా పద్యాలల్లుదామనుకుంటున్న హెడ్‌మాస్టరు. వీళ్లను బద్ధకస్తులనడం అన్యాయం. బద్ధకం ఎవరికైనా ఊరికే వస్తుంది. వాయిదా అలా కాదు, చిన్నప్పటి నుంచి పద్ధతిగా నేర్పితేనే వస్తుంది.

ఆ చదువు ఏడో తరగతి ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటిదాకా గోడ మీద గీసిన ఏనుగును చూసి మురిసిపోయిన ఇల్లు, ఒకరోజు ఉన్నట్టుండి 'ముందు టెన్త్ కానీరా' అంటుంది. టెన్త్ అయ్యాక ప్లస్ టూ. ఆ తర్వాత సీటు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఆ పిల్లల టెన్త్. హోంవర్కు దగ్గర 'ఆలస్యం అమృతం విషం', హార్మోనియం దగ్గర 'నిదానమే ప్రధానం'. రెండు సామెతలూ చెప్పేది ఒకే పెద్దనాన్న.

పాట కూడు పెడుతుందా అని పొద్దున్న అడిగే తాతయ్యే, సాయంత్రం చుట్టాలు రాగానే 'మా మనవరాలు భలే పాడుతుంది, ఏదీ, ఒకటి పాడమ్మా' అంటాడు. పిల్ల పాడుతుంది. మొదటి చరణంలో కాఫీ వస్తుంది. రెండో చరణానికి చుట్టాలు భువనేశ్వర్‌లో స్థలాల రేట్ల దగ్గరికి వెళ్లిపోతారు. అయినా ఆపకూడదు, ఆపితే పొగరు అంటారు. పాట అయ్యాక ఒక మావయ్య గొంతు సవరించుకుని 'శ్రుతి కొంచెం తప్పింది' అని తీర్పు చెబుతాడు. ఆయనకు సంగీతం రాదు, తీర్పు వచ్చు. ఎన్నో ఏళ్ల తర్వాత, సొంత ఇంట్లో, సొంత వంటగదిలో కూనిరాగం తీయబోయి కూడా ఆ పిల్ల ఒకసారి హాల్లోకి తొంగి చూస్తుంది, మావయ్య గానీ వచ్చాడేమోనని.

రాత మీద మోజున్నవాళ్లకు మన సరిహద్దు ఇంకో సౌకర్యం కూడా కలిగించింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాయి. అప్పటి నుంచి మనకు బడి ఒరియాలో, దరఖాస్తు ఇంగ్లీషులో, అమ్మతో దెబ్బలాట తెలుగులో. వేసవి సెలవుల్లో బెజవాడ వెళితే అక్కడి పిన్ని నవ్వుతూ 'ఏదీ, ఆ మాట మళ్లీ అను, మీది ఒరియా తెలుగు కదూ' అంటుంది. పదేళ్ల పిల్లాడు మళ్లీ అంటాడు. ఇల్లంతా నవ్వుతుంది. ఆ తర్వాత వాడు జన్మలో తెలుగు కాగితం మీద పెట్టడు. పెద్దయ్యాక వాట్సాప్‌లో ఉగాది శుభాకాంక్షలు కూడా ఎవరో పంపినవే ముందుకు తోస్తాడు. అందులో తప్పులుంటే అవి తనవి కావు కదా!

చిత్రమేమిటంటే, జనం మాట్లాడే తెలుగు రాతకు కూడా పనికొస్తుందని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు పిల్లలచేత పెద్దలు రాసిచ్చిన ఉపన్యాసం బట్టీ పట్టిస్తాం. మధ్యలో పొరపాటున ఇంట్లో మాట ఒకటి దొర్లితే స్టేజీ మీదే సరిదిద్దుతాం. తర్వాత ఆయన పటానికి దండ వేస్తాం. పంతులు గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మన ఇళ్లలో పెరిగి ఉంటే, 'ముందు తప్పుల్లేకుండా రానీ, అప్పుడు చూద్దాం' అనుకుని ఊరుకునేవారు.

ఈ చదువు ఎలా ఫలిస్తుందో అమెరికాలో కూడా గమనించారు. 1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు కాలేజీ విద్యార్థులకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, 'బాగా చేశావు' అని మెచ్చుకున్నారు. ఎందుకు మెచ్చుకున్నారో వాళ్లకు అంతుపట్టలేదు. రెండో పరీక్షకు ముందు రెండు మందులు చూపించారు. ఒకటి బుర్రకు పదును పెట్టేదన్నారు, రెండోది మొద్దుబార్చేదన్నారు. మగపిల్లల్లో చాలామంది మొద్దుబార్చేదే అడిగారు. రేపు తప్పితే నెపం మందు మీదికి నెట్టొచ్చు. మనకు అంత ఖర్చెందుకు? కథల పోటీకి ఆఖరి తేదీ నాడు రాత్రి పదకొండింటికి కూర్చుంటే చాలు. బాగోలేదంటే 'గంటలో రాసింది కదండీ' అంటాం. బాగుందన్నా అదే మాట, కాకపోతే కాలరెగరేసి. అసలు కూర్చోకపోతే ఇంకా మేలు. రాయని నవలకు ఇంతవరకు ఎవరూ చెడ్డ సమీక్ష రాయలేదు.

అలాగని మనవాళ్లకు ధైర్యం లేదనుకోకండి. మా వీధి చివర మందుల షాపాయన చిన్నప్పుడు చక్కగా బొమ్మలు వేసేవాడట. ఇప్పుడు బిల్లు వెనక పువ్వు గీసినా కొట్టేస్తాడు. కానీ రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఆయనే ఒంటి నిండా పసుపు, నలుపు చారలు పూయించుకుని, తోక కట్టుకుని, డప్పుల ముందు నడిరోడ్డు మీద పులై గెంతుతాడు. అడుగు కుదిరిందా అని ఆయన అడగడు, తప్పిందని మావయ్యలూ అనరు. ఎందుకంటే అది కళ కాదు, మొక్కు. మొక్కుకు మార్కులుండవు. వాయిదా వేస్తే అమ్మవారు ఊరుకోదు. కాబట్టి ప్రభుత్వం వెంటనే ఈ జిల్లాల్లో సంగీతాన్ని, చిత్రలేఖనాన్ని, కవిత్వాన్ని కళల జాబితాలోంచి కొట్టేసి మొక్కుల కింద నమోదు చేయాలని సవినయంగా కోరుతున్నాను. నెలకు రెండు పద్యాలు మొక్కుకున్నవాడు రాయక ఎక్కడికి పోతాడు?

ఈ పథకానికి ఒకటే గండం. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు అమెరికాలో ఒక నర్సరీ బడిలో స్కెచ్ పెన్నులంటే ఇష్టపడే పిల్లలను ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు, వేశాక ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత పెన్నులు మళ్లీ బల్ల మీద పెడితే, ఆ సర్టిఫికెట్ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. ఏమీ చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల సరదా తగ్గలేదు.

ఈ కబురు మా వీధి పెద్దలకు ఇంకా అందలేదు. వచ్చే యాత్రకు పులి వేషాలకు పోటీ పెట్టాలని కమిటీ వేశారు. చారలకు పది మార్కులు, తోక ఊపడానికి ఇరవై, లామినేషన్ చేయించిన సర్టిఫికెట్. న్యాయనిర్ణేతగా శ్రుతి తప్పిందన్న ఆ మావయ్యనే పిలిచారు. పేరిచ్చారా అని మందుల షాపాయన్ని అడిగాను. ఈసారి నడుం నొప్పిగా ఉందట, పై యాత్రకు చూస్తానన్నాడు.